దుకాణంలో ఎవరు ఎవరి మనిషి?

సంపాదకుల వారికి,

అయ్యా,

2025 అక్టోబరు 12, ఆదివారం నాటి మీ చెన్నై సంచికను చుట్టుకుని వచ్చిన నాలుగు పేజీల రంగుల ప్రకటన మీకు గుర్తుండే ఉంటుంది. దీపావళికి అప్పటికి ఇంకా ఎనిమిది రోజులుంది. టీ.నగర్‌లోని ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణం వారు ఇచ్చిన ఆ ప్రకటన రెండో పేజీ అడుగున, 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ బొమ్మ వేసి, కింద ఉల్లిపాయలు పోసుకునే డ్రాయరుతో సహా రూ.14,990 అని అచ్చు వేశారు. మా ఇంట్లో పదిహేడేళ్లు పనిచేసిన ఫ్రిజ్ అంతకు మూడు రోజుల ముందే కంప్రెసర్ పోయి ఆగిపోయింది. ఇక దాని మీద ఖర్చు దండగని మెకానిక్ చెప్పేశాడు. పండక్కి కూతురూ అల్లుడూ వస్తున్నారు. ఆ పేజీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని నేనూ నా భార్యా పెరంబూరు నుంచి బయలుదేరాం. మీ పత్రికతో మొదలైన వ్యవహారం కనుక మీకే రాస్తున్నాను.

నేను రైల్వే స్టోర్స్ విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. ఇండెంటు, అంటే కావలసిన సరుకు రాసిన కాగితం, పట్టుకుని వచ్చినవాడికి సరుకుంటే ఇచ్చి లెడ్జరులో ఎక్కించడం, లేకపోతే ఆ ఇండెంటు మీదే లేదని రాసి సంతకం పెట్టడం మా పని. మూడో దారి మాకు లేదు. ఆ సాయంత్రం ఆ దుకాణంలో మూడున్నర గంటల సేపు మేము చూసింది మాత్రం పూర్తిగా ఆ మూడో దారినే. భాష రాక ఇబ్బంది పడ్డాడేమోనని ఎవరూ అనుకోనక్కర లేదు. టీ.నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ శెట్టిగారూ, అక్కడి పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజావారూ మనవాళ్లే అయినా, ఆ వీధుల్లో తెలుగు వినబడడం అరుదై చాలా కాలమైంది. నాకు నలభై ఏళ్లుగా తమిళం ఇంటి భాషతో సమానం. నేనడిగింది వాళ్లకు అర్థమైంది, వాళ్లు చెప్పింది నాకూ అర్థమైంది.

తలుపు దాటగానే ఒక అమ్మాయి చేతిలో ట్యాబ్ పట్టుకుని ఫోన్ నెంబరు అడిగింది, ఆ తరువాత ఓటీపీ అడిగింది. ఏమీ కొనకముందే ఎందుకమ్మా అంటే, నెంబరు ఎక్కించకపోతే పైన ఎవరూ ధర చెప్పరని జవాబిచ్చింది. ఫోన్ నెంబరు ఇస్తేనే సరుకు అమ్ముతామని పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వర్తక సంఘాలకు సూచించింది. నేను నెంబరు ఇచ్చాను. ఆ రాత్రి నుంచే నాకు రుణం ఇస్తామంటూ ఫోన్లు రావడం మొదలైంది.

ఫ్రిజ్‌లుండే అంతస్తులో పలకరించిన యువకుడు మర్యాదగానే మాట్లాడాడు. జేబులోని పేజీ తీసి చూపిస్తే ఆ బొమ్మను చూసీ చూడనట్టు చూసి, "అది చూద్దాం సార్, ముందు ఇది చూడండి" అంటూ 260 లీటర్ల రెండు తలుపుల ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంట్లో ఇద్దరమే ఉంటామని నా భార్య చెప్పింది. పండక్కి పిల్లలు వస్తారు కదమ్మా అన్నాడు. వంటింట్లో ఫ్రిజ్ పెట్టే మూల ఎంత వెడల్పో టేపుతో కొలిచి రాసుకెళ్లిన చీటీ నేను చూపించాను. అతను దాన్ని శ్రద్ధగా చదివి, తలూపి, "హాల్లో పెట్టుకోండి సార్, అందంగా ఉంటుంది" అన్నాడు. జీఎస్టీ తగ్గింది కాబట్టి ఈ ధర మళ్లీ దొరకదని కూడా చెప్పాడు. ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతమైంది ఏసీలకు, 32 అంగుళాలు దాటిన టీవీలకు, డిష్‌వాషర్లకు. ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ 2018 జూలై నుంచే 18 శాతంలో ఉన్నాయి, ఇప్పుడు వాటి మీద తగ్గిందేమీ లేదు. ఏడేళ్ల కిందటి తగ్గింపును పండగ కానుకగా చెబుతున్నాడన్న సంగతి ఆ కుర్రాడికే తెలియదేమోనని నాకు అనిపించింది. గోడ మీద ఎవరో రాసిపెట్టిన జీఎస్టీ బోర్డు చూపించి చెప్పాడంతే.

మేము రెండు తలుపుల ఫ్రిజ్ వద్దని మూడోసారి అన్న తరువాత అతను మరొకరిని పిలుస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. రెండో మనిషి వచ్చి ఇంకో కంపెనీ ఫ్రిజ్ చూపించాడు. మూడో మనిషి వచ్చి మొదటి మనిషి చూపించిన దానినే తీసిపారేసి మాట్లాడాడు. చివరికి ప్రకటనలోని ఫ్రిజ్‌ను నా భార్యే వెతికి పట్టుకుంది. వాషింగ్ మెషీన్ల అట్టపెట్టెల వెనక, ధర కార్డు లేకుండా, గోడవైపు తిరిగి ఉంది. ఆమె వంగి కింది డ్రాయరు లాగి చూస్తే అందులో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. "అది నాదేనమ్మా" అంటూ ఒక కుర్రాడు తెలుగులో అని, సిగ్గుపడి, డబ్బా తీసుకుపోయాడు.

ఆ కుర్రాడే మాకు అసలు సంగతి చెప్పాడు. సూళ్లూరుపేట వైపు నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చిపోతాడట. "సార్, నేను ఈ షాపు మనిషిని గాదు. నా చొక్కా మీదున్న కంపెనీ నాకు జీతం ఇస్తుంది. మీరడిగింది వేరే కంపెనీది, అందులోనూ చిన్న మోడల్. అది అమ్మితే నా టార్గెట్‌లో పడదు. ఆ కంపెనీ అబ్బాయి ఇవాళ సెలవు సార్" అన్నాడు. అంతవరకూ మాతో మాట్లాడిన ముగ్గురూ మూడు వేర్వేరు కంపెనీల మనుషులన్న మాట. చొక్కాల మీద పేర్లు ఉన్నాయి, నిజమే. కానీ అది దుకాణం వారు ఇచ్చిన యూనిఫారమేనని, ఏ బొమ్మ వేసుకున్నా పని దుకాణానిదేనని నాలాంటి వాడు అనుకుంటాడు. సలహా అడిగినవాడికి తెలియనిదల్లా, ఎదుటివాడు ఇస్తున్నది సలహా కాదనే.

కూర్చోడానికి అతనికి స్టూలు కూడా లేదు. ఉదయం పది నుంచి రాత్రి పది వరకు నిలబడే ఉంటామని, అన్నం ఆ పెట్టెల వెనక నిలబడే తింటామని చెప్పాడు. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండి తీరాలని తమిళనాడు శాసనసభ 2021లోనే చట్టం సవరించింది. ఆ సవరణ వచ్చినప్పుడు టీ.నగర్ బట్టల దుకాణాల అమ్మాయిల గురించి పత్రికలు ఎంతో రాశాయి. ఇలాంటి అరువు మనుషులకు స్టూలు వెయ్యాల్సింది దుకాణమా, చొక్కా ఇచ్చిన కంపెనీయా అని ఎవరూ అడిగినట్టు లేదు. నాకు ఆ పిల్లవాడి మీద కోపం లేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ అంతస్తులో నిజం చెప్పినవాడు అతనొక్కడే.

ఇక ధర. రూ.14,990 పక్కన చిన్న నక్షత్రం ఉంది. ఆ నక్షత్రానికి అర్థం పేజీ అట్టడుగున, ఆవగింజంత అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. ప్రకటనంతా తెలుగు, షరతు మాత్రం ఇంగ్లీషు. ఆ షరతుల ప్రకారం పాత ఫ్రిజ్ ఎక్స్‌చేంజ్ ఇస్తే రూ.1,500, ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డుపై వాయిదాల్లో కొంటే రూ.2,000 తగ్గుతుంది, ఆ రెండూ పోగా మిగిలేదే రూ.14,990. అసలు ధర రూ.18,490. పోనీ ఎక్స్‌చేంజ్ ఇద్దామంటే, పాతది నడుస్తున్న స్థితిలో ఉండాలట. నడుస్తున్న ఫ్రిజ్ ఇంట్లో ఉన్నవాడు దీపావళి రద్దీలో కొత్తదాని కోసం టీ.నగర్ ఎందుకు వస్తాడో నాకు బోధపడలేదు. వాయిదాల బల్ల దగ్గర కూర్చున్న అతను, అతనికి మాత్రం కుర్చీ ఉంది, వడ్డీ లేదని చెబుతూనే ప్రాసెసింగ్ ఫీజు సంగతి నేను అడిగాక గాని బయటపెట్టలేదు. సున్నా వడ్డీ అన్నదే ఉండదని, ఆ భారం ఏదో ఒక పేరుతో కొనేవాడి మీదే పడుతుందని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పి ఉంది. ఆ బల్ల దగ్గరి అతను కూడా దుకాణం మనిషి కాదు. రుణమిచ్చే సంస్థ మనిషి.

తప్పుదారి పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు జారీ చేసింది. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే, అదే అచ్చులో, కంటికి కనబడే చోట ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. చెప్పిన ధరకు అమ్మే అవకాశం లేకుండా జనాన్ని రప్పించడానికి వేసేదాన్ని ఎర ప్రకటనగా పేర్కొని, సరిపడా సరుకు సిద్ధంగా ఉంచుకోవాలని, చాలకపోతే ఆ మాట ప్రకటనలోనే చెప్పాలని కూడా అన్నారు. మాకు ఆ మోడల్ స్టాకు ఉందా లేదా అన్న ముక్క చెప్పడానికి యాభై నిమిషాలు పట్టింది. గోడౌనుకు ఫోన్ చేస్తున్నామన్నారు, మేనేజరు వస్తున్నారన్నారు, సిస్టంలో చూపిస్తోంది కాని కనబడడం లేదన్నారు. లేదన్న ఒక్క మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆఖరికి ఉందనే అన్నారు. బుధవారం ఇంటికి పంపిస్తామన్నారు.

పూర్తి ధర కట్టడానికే సిద్ధపడి క్యాష్ కౌంటరుకు వెళితే బిల్లు రూ.19,989 అయింది. అదనంగా చేరిన రూ.1,499 దేనికంటే, ఎక్స్‌టెండెడ్ వారంటీ ప్లాన్ అన్నారు. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తీసెయ్యమంటే, అది లేకుండా సిస్టం బిల్లు తీసుకోదని క్యాషియరు అన్నాడు. ఒక వస్తువు కావాలంటే మరొకటి కొనాల్సిందేనని షరతు పెట్టడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద నిర్బంధ వర్తక పద్ధతి అవుతుంది. ఈ సంగతి నాకు తరువాత తెలిసింది; అప్పుడు తెలిసి ఉన్నా ఏం చేసేవాణ్నో చెప్పలేను. రాత్రి తొమ్మిదిన్నర దాటింది, బయట వాన మొదలైంది, నా భార్య మోకాలి నొప్పితో ఒక డిష్‌వాషర్ అట్టపెట్టె మీద కూర్చుని ఉంది. కట్టేశాను. ముప్పై నాలుగేళ్లు ఒక్క సంతకం కూడా చదవకుండా పెట్టనివాణ్ని, ఆ బిల్లు మీద చదివీ పెట్టాను.

ఆ ప్లాన్ కాగితం ఇంటికొచ్చాక చదివాను. కంపెనీ ఇచ్చే ఏడాది వారంటీ ముగిసిన తరువాతే అది మొదలవుతుంది. ఇచ్చేది ఫ్రిజ్ కంపెనీ కాదు, దుకాణమూ కాదు, ఇంకొక సంస్థ. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అని తలుపు మీద పెద్ద స్టిక్కరు అంటించి ఉంటుంది కదా, అది కంప్రెసర్ అనే విడిభాగానికే. గ్యాసు నింపడానికి, మనిషి కూలికి విడిగా తీసుకుంటారు. కొనేటప్పుడు ఈ తేడా విప్పి చెప్పేవాడు ఒక్కడు కనబడినా ప్లాన్ మంచిదా చెడ్డదా అని మనమే తేల్చుకుంటాం. అసలు చూడాల్సింది నక్షత్రాల స్టిక్కరు మీద రాసి ఉండే సంఖ్య, ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుందో చెప్పేది. ఆ రాత్రి నాతో మాట్లాడిన వారిలో ఒక్కరు కూడా దాని ఊసెత్తలేదు.

అన్నట్టుగానే బుధవారం ఫ్రిజ్ వచ్చింది. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఇద్దరు మనుషులు తాళ్లు కట్టి మోసుకొచ్చి వంటింటి మూలలో నిలబెట్టారు. అట్టపెట్టె మీద తయారైన నెల చూస్తే 2024 జూన్. పదహారు నెలలు గోడౌనులో ఉన్నా సరుకు సరుకేనని సర్దుకునేవాణ్నే. తలుపు మీద మాత్రం ఏదో స్టిక్కరు పీకేసిన జిగురు మరక అరచేతి వెడల్పున ఉంది, వేలు పెడితే అంటుకుంటోంది. నా భార్య మరక సంగతి పట్టించుకోలేదు. వంగి కింది డ్రాయరు లాగింది. అందులో మూలకి అతుక్కుని ఎండిపోయిన కరివేపాకు రెబ్బ ఒకటి ఉంది, లోపల్నుంచి పులిహోర వాసన వస్తోంది. ఆమె నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. ఆ టిఫిన్ డబ్బా ఫ్రిజ్జే మా ఇంటికొచ్చింది.

ప్రదర్శనకు పెట్టిన వస్తువును తక్కువ ధరకు, చెప్పి అమ్మితే తప్పు లేదు, తీసుకునేవాళ్లు ఉంటారు. దాన్నే కొత్త అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి పూర్తి ధరకు పంపడం వేరు. అందినట్టు సంతకం పెట్టనని, కారణం చలానా మీద రాసి వాపసు పంపించాను. మోసుకొచ్చినవాళ్లు మళ్లీ మోసుకుంటూ దిగారు. వాళ్లకు ట్రిప్పుకింత అని ఇచ్చేది మరో రవాణా కాంట్రాక్టరట, వాపసుకు విడిగా ఏమీ రాదట. టీ డబ్బులు ఇచ్చి పంపాను.

ఆ తరువాతి నాలుగు వారాల గురించి ఎక్కువ రాయను. దుకాణానికి ఫోన్ చేస్తే కంపెనీని అడగమన్నారు, కంపెనీకి చేస్తే బిల్లు ఇచ్చినవాళ్లనే అడగమన్నారు. దీపావళి ఐసుపెట్టెతో గడిచింది. నవంబరు 5న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అది కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు, ఫిర్యాదును సంబంధిత సంస్థకు పంపి జవాబు రాబడుతుంది; అయినా అంతవరకు నా ఫోను ఎత్తనివారు ఆ మరుసటి రోజే తామే ఫోన్ చేశారు. నవంబరు 13న, అంటే సరుకు వాపసు చేసిన ఇరవై తొమ్మిదో రోజున, రూ.18,490 నా ఖాతాలో పడింది. బిల్లులో గడువేదీ రాయనప్పుడు లోపమున్న సరుకును వాపసు తీసుకుని ముప్పై రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వాలని, ఇవ్వనంటే అది అనుచిత వర్తక పద్ధతి అని చట్టం చెబుతుంది. చట్టం తెలిసినవారు ఆ దుకాణంలో ఎక్కడో ఒకరు ఉన్నారనే అనుకోవాలి.

రూ.1,499 మాత్రం రాలేదు. అది వారంటీ సంస్థకు వెళ్లిపోయిందట, వాళ్లనే అడగాలట. లేని ఫ్రిజ్‌కు వచ్చే ఏడాది అక్టోబరు నుంచి రెండేళ్ల వారంటీ నా దగ్గర భద్రంగా ఉంది. దీని కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లదలచుకున్నాను. రూ.5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, మనం ఉంటున్న చోటి కమిషన్‌లోనే వేయవచ్చు, రెండేళ్ల గడువుంది. పెట్రోలు ఖర్చు కూడా రాదు నాన్నా అని మా అమ్మాయి అంటోంది. నిజమే.

నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. అమ్మకాల అంతస్తులో నిలబడిన ప్రతి మనిషి ఛాతీ మీద అతనికి జీతం ఇచ్చేది ఎవరో కొనేవాడి భాషలో రాసి ఉండాలి. కంపెనీ మనిషైతే కంపెనీ మనిషని, రుణ సంస్థ మనిషైతే అదే మాట. ఆ అంతస్తుకు కనీసం ఒక్కరైనా దుకాణం సొంత మనిషి ఉండి, ఉందనో లేదనో చెప్పి తన పేరుతో కాగితం మీద రాసి ఇవ్వాలి. వారంటీ ప్లాన్‌కు బిల్లు విడిగా, సంతకం విడిగా ఉండాలి. ఆ రాత్రి నేను లెక్క వేశాను: ఫ్రిజ్ చూపించినవాళ్లు కంపెనీలవాళ్లు, వాయిదాలు రుణ సంస్థది, తగ్గింపు బ్యాంకుది, వారంటీ ఇంకొకరిది, మోత కాంట్రాక్టరుది, తలుపు దగ్గర బిల్లు మీద రంధ్రం పొడిచిన సెక్యూరిటీ ఏజెన్సీ మనిషి. మాతో మాట్లాడినవారిలో దుకాణం మనిషి డబ్బు తీసుకున్న క్యాషియరు ఒక్కడే.

మీ పత్రికను కూడా వదిలిపెట్టలేను, క్షమించాలి. తప్పుదారి పట్టించే ప్రకటన ఇచ్చినవారికి రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ప్రచురించినవారు మాత్రం రోజువారీ వ్యాపారంలో భాగంగా వేశామని చూపిస్తే చట్టం వారిని వదిలేస్తుంది. చట్టం వదిలేసినా, తెలుగు పాఠకుడి కోసం వచ్చే పేజీలో షరతు తెలుగులోనే ఉండాలని మీ ప్రకటనల విభాగం ఒక నియమం పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు కదా. పెళ్లి ప్రకటనలో ఒక్క అచ్చుతప్పు దొర్లితే దిద్దడానికి మీ దగ్గర మనిషి ఉన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది. పెరంబూరులోనే ఒక చిన్న దుకాణంలో రూ.18,900కు తీసుకున్నాం. ఆయన దగ్గర ఆ రోజు స్టాకు లేదు, లేదనే చెప్పాడు, నాలుగు రోజులు ఆగమన్నాడు, ఆగాం.

మొన్న ఆదివారం మీ సంచికతో అదే దుకాణం ప్రకటన మళ్లీ వచ్చింది. అదే ఫ్రిజ్, అదే రూ.14,990, అదే నక్షత్రం. భూతద్దం తెచ్చుకుని అడుగున ఉన్నది చదివాను. ఈసారి ఒక మాట కొత్తగా చేర్చారు, స్టాకు ఉన్నంతవరకే అని. అది కూడా ఇంగ్లీషులోనే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రైల్వే విశ్రాంత ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై.